తుఫానుకి కుడి పక్కన

నమోదు 88

పై నీరు 31.6 డిగ్రీలు. ఉప్పు సగానికి పైగా తగ్గింది.

అంటే తీపి నీళ్ళు వచ్చేశాయి. పొద్దున లేచేసరికి తెప్పలవలస మొత్తం బట్టలుతుకుతోంది. మూడు వందల తెప్పల మీద ఆరేసిన చీరలూ లుంగీలూ గాలికి ఎగురుతుంటే ఊరంతా తెరచాపలెత్తి ఎటో బయల్దేరినట్టుంది. సబ్బు నురగ వస్తోంది! ఏడాదిలో ఈ కొన్ని వారాలే మా జుట్టు జుట్టులా ఉంటుంది.

వానాకాలం చివర నదుల వరదంతా సముద్రం మీద పట్టీలాగా పరుచుకుని తీరం వెంబడే దక్షిణానికి జారుతుంది. ఆ పట్టీని వెతికి పట్టుకుని, ఊరిని దానిలోకి లాగి లంగరు వెయ్యడం మా తాతల నాటి అలవాటు. ఉప్పు తీసే యంత్రాలకి విశ్రాంతి, కరెంటు ఆదా, పిల్లలకి ఒంటిమీద ఉప్పు పొక్కులు మానే కాలం. ఒడ్డు వాళ్ళకి దసరా సెలవులెలాగో మాకివి అలాగ.

నాకంటే ముందు నీళ్ళు చూసినాయన ఈ చిట్టాలో రోజుకో అంకె రాసి సంతకం పెట్టేవాడు. నేను నాలుగేళ్ళు ఒడ్డు మీద కాలేజీలో సముద్ర భౌతికశాస్త్రం చదివి వచ్చాను కాబట్టి అంకె దగ్గర ఆగడం నా వల్ల కాదు. మా సరంగు దానయ్య మావ నిన్న ఈ పేజీలు తిరగేసి, "కోడలు పిల్లా, జొరం ఎంతుందో రాయమంటే రోగి జీవితచరిత్ర రాస్తన్నావేటే?" అన్నాడు. ఊరిని ఎటు లాగాలో చెప్పేది ఆయనే. ఆయన వరసకి మావ, పని దగ్గర దొర. అందుకని నవ్వి ఊరుకున్నాను. రాయడం మాత్రం ఆపలేదు.

నమోదు 90

పై నీరు 31.7.

తల్లి తోటకి వెళ్ళాను. ఊరికి తూర్పు అంచున నూట ఇరవై తాళ్ళకి వేలాడుతున్న నాచు తోట అది. తెప్పలవలసలో ప్రతి ఇంటి తోటకీ విత్తనం ఇక్కడినుంచే పోతుంది. దాన్ని పెంచింది కొర్లమ్మ పెద్దమ్మ. ఇరవై రెండేళ్ళుగా ప్రతి ఎండాకాలం ఎండకి చచ్చినదాన్ని కోసి పారేసి, చావకుండా నిలబడ్డదాన్ని మాత్రం మళ్ళీ నాటుతూ వచ్చింది. ఈ సముద్రం మీద 31 డిగ్రీల్లో కూడా ముదురు గోధుమ రంగులో నిగనిగలాడే నాచు ఇంకెక్కడా లేదు. ఒడ్డు వాళ్ళు గాజు తొట్టెల్లో పెంచుదామని పట్టుకెళ్తే రెండో కాపుకే నీరసించింది. దానికి కావలసింది సముద్రమూ పెద్దమ్మ తిట్లూను.

ఇవాళ పెద్దమ్మ తిట్టలేదు. ఒక కొస తెంచి నా చేతిలో పెట్టింది. చివర తెల్లబడింది, పండిన వెంట్రుకలాగా.

"ఎన్ని తాళ్ళకుంది?"

"లెక్కెట్టనేదు. లెక్కెడితే బెంగొస్తాది."

32 దాటితే ఈ నాచు బతకదు. అది చచ్చిపోతే ఊళ్ళో ఏ ఇంటికీ వచ్చే ఏడు నాటడానికి ఏమీ ఉండదు. తోటలేని తేలే ఊళ్ళని తీర మండలి ఏం చేస్తుందో తెలుసు. తెప్పలు విప్పించి, జనాన్ని ఒడ్డు మీద పదమూడంతస్తుల గూళ్ళలోకి పంపిస్తుంది. ఉత్తరాన రెండు ఊళ్ళు అలాగే పోయాయి.

"అల్లుడొస్తే సర్దుకుంటాది," అంది పెద్దమ్మ.

ఇక్కడ అల్లుడంటే తుఫాను. ఇంటికొచ్చాడంటే ఇల్లు పీకి పందిరేస్తాడు, కానీ వెళ్తూ వెళ్తూ సముద్రాన్ని చల్లబరిచి పోతాడు. వాడు నడిచిన దారిలో నీళ్ళు మూడు నాలుగు డిగ్రీలు పడిపోతాయి. వారం, పది రోజులు అలాగే ఉంటాయి. కింది నీళ్ళలోని సత్తువ పైకొచ్చి నాచు మూరలకొద్దీ పెరుగుతుంది. ఒడ్డు వాళ్ళు తుఫాను పేరు వింటే తలుపులు బిగిస్తారు. మేం వాడి వెనకే నడిచి పంట తీస్తాం. ఈ సంగతి కాలేజీలో చెప్తే నా పక్క బెంచీ అమ్మాయి నన్నొక వింత జంతువులాగా చూసింది. నాకది చాలా ఇష్టమైన చూపు.

నమోదు 91

పై నీరు 31.7. అండమాన్ల దగ్గర వాయుగుండం.

ఊళ్ళో పండగ. అల్లుడి భోజనం మొదలుపెట్టారు. ప్రతి తెప్ప మీదా ఏదో ఒక తీపి వండి మొదటి ముద్ద నీళ్ళలోకి జారవిడుస్తారు. మా పక్క తెప్ప నూకాలప్ప బెల్లం పాకం పట్టింది. తోటలో తాళ్ళు కట్టే మనిషి, ఊపిరి బిగబట్టి లోతుకి దిగడంలో ఊరికంతటికీ మొనగత్తె. "అల్లుడికి సుగరు వొచ్చీనాగుంది ఈ ఏడు, అందరూ బెల్లమే," అంటూ నాకూ ఒక ఉండ పెట్టింది.

అది నోట్లో వేసుకుని, ఎవరూ అడగని పని ఒకటి చేశాను. నాకు ఒక చోట కాలు నిలవదు. చిట్టాకి పై నీళ్ళు చూస్తే చాలు, నేను మీటరు కట్టిన తాడు మొత్తం దింపాను.

పది మీటర్ల వరకూ తీపి నీళ్ళు, 31.7. అక్కడినుంచి ఉప్పు నీళ్ళు. చల్లగా ఉండాలి కదా? 31.4. ముప్ఫై మీటర్ల దగ్గర 31. యాభై దగ్గర 30.6. చల్లదనం ఎక్కడో డెబ్భై కిందకి వెళ్ళి కూర్చుంది.

చేతిలో బెల్లం జిగురు అలాగే ఉండగా మళ్ళీ దింపి చూశాను. అవే అంకెలు.

నమోదు 91, అదే రోజు సాయంత్రం

పెద్దమ్మకి చెప్పాను. ఆవిడ దగ్గర నీళ్ళ కుండ, ఉప్పు, కాస్త నీలిమందు ఉన్నాయి. అడుగున ఉప్పు నీళ్ళు, పైన నీలిమందు కలిపిన మంచినీళ్ళు పోసి పాఠం కుండలోనే చెప్పాను.

తుఫాను నీళ్ళ వేడి తాగుతుందని ఊళ్ళో అంటారు. తాగేది కొంచెమే. అసలు పని గాలిది. అది సముద్రాన్ని కవ్వం పెట్టి చిలికినట్టు చిలికితే అడుగునున్న చల్లనీళ్ళు పైకొచ్చి కలుస్తాయి. చల్లబడేది దాంతోనే. కానీ తీపి నీళ్ళు తేలిక. ఉప్పు నీళ్ళ మీద మూతలాగా కూర్చుంటాయి. ఆ మూతని కదిలించడానికే గాలి బలం సగం అయిపోతుంది. కదిలించినా మూత కింద ఉన్నది మళ్ళీ వేడి నీళ్ళే, కుండలో కుండ పెట్టినట్టు. చలి వరకూ కవ్వం అందదు.

పెద్దమ్మ కుండలో వేలు పెట్టి మెల్లగా తిప్పింది. పైన నీలం, కింద తెలుపు. కలవలేదు.

"అయితే మనం సబ్బు నురగ కోసం వొచ్చి మూత మీద కూకున్నాం."

"అవును పెద్దమ్మా."

"ఎన్నేళ్ళ నుంచో వొస్తన్నాం గదే. అప్పుడెలాగ సల్లబడింది?"

"అప్పుడు పట్టీ పలచన. ఈ ఏడు వరదలు రెండింతలు. పైగా అప్పుడు మొదలు వేడి తక్కువ, అర డిగ్రీ తగ్గినా బతికేది. ఇప్పుడు అర డిగ్రీ చాలదు."

ఆవిడ ఇంకాస్త గట్టిగా తిప్పింది. అప్పుడు కలిసింది. కొంగుతో వేలు తుడుచుకుని, "సరంగుని కేకెయ్యి," అంది.

నమోదు 92

పై నీరు 31.8. వాయుగుండం తుఫాను అయింది. మావైపే.

పెద్ద తెప్ప మీద సభ. నేను రెండు మాటలు చెప్పాలి. మొదటిది, తీపి పట్టీ దాటి తూర్పుకి, ఉప్పు నీళ్ళలోకి పోవాలి. అక్కడ ముప్ఫై ఐదు మీటర్ల కిందే చలి ఉంది. రెండోది, తుఫాను వచ్చే దారికి కుడి పక్కన ఉండాలి. మన సముద్రాల్లో గాలి, నీళ్ళ సుడి కుడి పక్కనే ఒకదానికొకటి తోడవుతాయి. చిలకడం అక్కడే లోతుగా పోతుంది.

దానయ్య మావ ముందు నవ్వాడు. తర్వాత నవ్వలేదు.

"కుడిపక్క. మా అయ్య నాకు నేర్పింది ఒకటే ముక్క. ఎడమకి తప్పుకో, బతుకుతావు. నువ్వు నాలుగేళ్ళు చదువుకొచ్చి నన్ను కుడికెల్లమంటన్నావ్."

"మనుషులు బతకాలంటే ఎడమే మావా. నాచు బతకాలంటే కుడి."

"తుఫాను ఎల్లిపోయాక ఎల్దాం. అప్పుడు లాగుదాం తోటని."

"వెళ్ళాక మూడు రోజులు అలలు పడుకోవు. ఆ అలల్లో లాగితే తోట పీలికలవుతుంది. ఆగి లాగుదామంటే దానికంత టైము లేదు."

"ఈ ఊళ్ళో చంటిపిల్లలు నలభై మంది ఉన్నారు. ఊరు మునిగిపోయాక తోటెవలికే?"

ఇది రాయక తప్పదు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అప్పుడు పెద్దమ్మ లేచింది. మోకాళ్ళ నొప్పికి గట్టిగానే మూలిగింది, అందరూ వినేలాగ.

"ఊరు ఈ పట్టీలోనే ఎడమకి తప్పుకుంటాది, సరంగు సెప్పినట్టు. తోట ఎల్తాది, ఈ గుంట సెప్పినట్టు. దానితో నానెల్తాను. ఇరవై రెండేళ్ళు పెంచినాను, ఒగ్గీసి కూకోడానికి కాదు."

"నువ్వెల్లి ఏటి సేస్తావే ముసలిదానా?" అన్నాడెవరో వెనక నుంచి.

"నీలాగ కూకుని కూయను గదా!"

సభంతా గొల్లుమంది. నవ్వు ఆగేలోపు నూకాలప్ప చెయ్యెత్తింది, "తాళ్ళు కట్టేది నాను, విప్పేది ఇంకెవలేటి?" అంటూ. నా చెయ్యి అప్పటికే పైన ఉంది. ఎప్పుడెత్తానో నాకే తెలీదు.

దానయ్య మావ గడ్డం గోక్కున్నాడు. "తోటని నానే లాగుతాను, నా పడవతో. మిమ్మల్ని అక్కడ దింపి తిరిగొచ్చీస్తాను. పాపం నాకెందుకు, పుణ్యం మీకెందుకు," అన్నాడు. కోపంగా చెప్పాలని చూశాడు గానీ కుదరలేదు.

నమోదు 93

పట్టీ దాటాం. గీత గీసినట్టుంది. ఇటు బురద పచ్చ, అటు చిక్కటి నీలం, మధ్యలో నురగ చార. నురగలో కొబ్బరి డిప్పలు, చెప్పులు, ఏదో ఊరి ప్లాస్టిక్ కుర్చీ. గీత దాటగానే మీటర్లో ఉప్పు ఒక్కసారి పైకి లేచింది. నేను తాడు దింపాను. ముప్ఫై ఐదు మీటర్ల దగ్గర 28. యాభై దగ్గర 25. చలి ఇంత దగ్గరగా, చెయ్యి చాపితే అందేలాగ.

"ఉందే?" అని అడిగింది పెద్దమ్మ.

"ఉంది."

ఆవిడ తోట తాళ్ళ వైపు తిరిగి, "ఇన్నారా, ఉందంట," అంది నాచుతో.

తీర మండలి నుంచి రేడియో. శ్రీవత్స గారని అధికారి, మర్యాదస్తుడు. "అమ్మా, మీ తోట తుఫాను మార్గంలోకి వెళ్తున్నట్టు కనిపిస్తోంది. యంత్రం తప్పుగా చూపిస్తోందా?"

"యంత్రం బాగానే ఉంది సార్. మేమే వెళ్తున్నాం."

"మీరు... అలా వెళ్ళకూడదు కదండీ?"

"నియమాలు రాసినప్పుడు ఎవరైనా ఇటువైపు వస్తారనుకోలేదు సార్, అందుకే కూడదని అందులో రాయలేదు." అలా అనేశాక నా ధైర్యానికి నాకే నవ్వొచ్చింది.

నమోదు 94

తోటని ఇరవై మీటర్లకి ముంచాం. లంగరు తాళ్ళకి బరువులు కట్టి నూకాలప్ప ఒక్కో వరుసా దింపుతుంటే, ఆ గోధుమ రంగు జుట్టంతా మెల్లగా నీలంలోకి జారిపోయింది. ఇరవై మీటర్ల దగ్గర కూడా ఇంకా 31.2. చలి దానికి పదిహేను మీటర్ల కింద ఉంది. ఆ పదిహేను మీటర్లూ తుఫాను ఎక్కించాలి.

మాకు మునక గది ఉంది. గాలి సీసాలతో సహా ముగ్గురు పట్టే ఇనుప గుండు, తోట కింద ముప్ఫై మీటర్ల దగ్గర తాడుకి వేలాడుతుంది. తుఫానులో తోట తాళ్ళని లోపలినుంచే చక్రం తిప్పి వదులూ బిగువూ చెయ్యాలి. ఎవరో ఒకరు లేకపోతే తాళ్ళు ఒకదానికొకటి పెనవేసుకుని తోటంతా ఉండ చుట్టుకుపోతుంది.

దానయ్య మావ వెళ్ళబోతూ పడవ అంచు దగ్గర ఆగాడు. సంచిలోంచి అల్లుడి భోజనం తీశాడు, వాళ్ళావిడ చేసిన పూర్ణాలు. మొదటిది నీళ్ళలో వేశాడు. మిగతావి నా చేతిలో పెట్టి, "వాడికి ఒకటి సాలు. మీరు తినండి," అన్నాడు. ఇంజను స్టార్ట్ చేసి మళ్ళీ ఆపాడు. "కోడలా. నీళ్ళు బాగా సూసుకో."

నీళ్ళు చూడమని ఆయన నోట రావడం ఇదే మొదటిసారి.

నమోదు 95

గది లోపల. పైన తుఫాను.

చేతిరాత బాగోలేదు, గది ఊగుతోంది. ఉయ్యాల కాదు, గోలీసోడా గుండు. శబ్దం మాత్రం అనుకున్నట్టు లేదు. పెద్ద హోరు వస్తుందనుకున్నాను. ముప్ఫై మీటర్ల కింద అది హోరు కాదు, ఎవరో బరువైన గుమ్మం తలుపుని తెరిచి మూస్తున్నట్టు ఒక ఒత్తిడి. చెవుల్లో తెలుస్తుంది.

నా దగ్గర వేడి కొలిచే మీటర్లు రెండున్నాయి. ఒకటి తోట దగ్గర, ఇరవైలో. ఇంకోటి మా కింద, ఎనభైలో. పై మీటరు పడాలి. నేను కళ్ళార్పకుండా దాన్నే చూస్తున్నాను.

పడలేదు. 31.2. గాలి పెరిగింది. 31.1. ఇంకా పెరిగింది. 31.

కింది మీటరు మాత్రం కదిలింది. 22 ఉన్నది 23 అయింది. కాసేపటికి 24.

కింద వేడెక్కుతోంది! చలి పైకి రావాల్సింది పోయి ఉన్న చలి కూడా కరిగిపోతోందా? తల్లి తోటని, ఇద్దరు మనుషుల్ని తీసుకొచ్చి తుఫాను నోట్లో పెట్టి, ఇప్పుడు ఏమీ లేదని చెప్పాలా?

"ఏటే మొహమలగెట్టినావు?" అంది పెద్దమ్మ.

"కింద వేడెక్కుతోంది పెద్దమ్మా."

"మంచిదేనా, సెడ్డదేనా?"

"తెలీదు." నా జీవితంలో ఇంత కష్టపడి పలికిన మాట లేదు.

అప్పుడే మూడో వరుస తాడు గట్టిగా గుంజింది. ఆలోచన ఆపి ముగ్గురం చక్రం పట్టుకున్నాం. నూకాలప్ప కాళ్ళు గోడకి తన్నిపెట్టి, "అల్లుడా, నీ యెంకమ్మా, మెల్లగరా," అని అరుస్తూ తిప్పింది. అరచేతులు మండాయి. వదలడం, బిగించడం, మళ్ళీ వదలడం. ఒక తాడు తెగింది. ఆ దెబ్బ మా ముగ్గురి వెన్నులోనూ తగిలింది. పెద్దమ్మ కళ్ళు మూసుకుని, "ఒకటి పోయింది. మిగిలినవి పట్టండి," అంది.

చక్రం తిప్పుతూ ఉంటేనే నాకు తట్టింది. ఆ వేడి ఎక్కడినుంచి వచ్చింది? సముద్రం లోపల దానంతట అది పుట్టదు. ఎవరో కిందకి దింపితేనే దిగుతుంది. పై నీళ్ళు తమ వేడిని కిందకి తోస్తున్నాయి, అంటే కవ్వం చలి దాకా అందింది. కలుస్తోంది. పైన మీటరు చూపించడానికి ఇంకాస్త సమయం పడుతుందంతే.

"మంచిదే!" అని అరిచాను. "పెద్దమ్మా, మంచిదే!"

"ఏటే మంచిది?" ఆవిడ అడిగిన ప్రశ్న ఆవిడే మర్చిపోయింది.

నమోదు 96

తుఫాను మధ్యలోనే. గాలి తగ్గుముఖం పట్టింది.

నూకాలప్ప ముందు చూసింది. గోడ మీద నీళ్ళు. ఒక చుక్క జారింది, దాని వెనక ఇంకోటి. చూస్తూ ఉండగానే గుండు లోపలంతా చెమట పట్టినట్టు తడిసి, ధారలు కట్టి కిందకి కారుతోంది.

"కారతందే," అంది. గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. "గది కారతంది."

ముప్ఫై మీటర్ల కింద గది కారితే ఏమవుతుందో మా ముగ్గురికీ తెలుసు. నూకాలప్ప అతుకుల వెంట వేళ్ళు పెట్టి తడుముతోంది. బయటికెళ్ళే తలుపు గొళ్ళెం వైపు ఒకసారి చూసింది. ఆ చూపు నేను చూశాను.

నేను గోడకి నాలిక ఆనించాను.

ఉప్పు లేదు.

మళ్ళీ ఆనించాను, ఇంకో చోట. ఉప్పు లేదు. ఇది సముద్రం కాదు. మా ఊపిరి. గదిలో పట్టిన ఉక్క అంతా గోడ మీద నీళ్ళుగా దిగుతోంది, చల్లటి గ్లాసు మీద దిగినట్టు. అంటే గోడ చల్లబడింది. అంటే గోడ బయట...

అరచెయ్యి పెట్టి చూశాను. తీసెయ్యాలనిపించేంత చలి. నేను పుట్టి ఇరవై నాలుగేళ్ళు, ఈ నీళ్ళ మీదే పెరిగాను, అక్టోబరులో సముద్రం చెయ్యి ఇంతగా కొరకడం ఎప్పుడూ ఎరగను.

"కారడం లేదప్పా. నాకి చూడు. ఇది మన చెమటే."

నూకాలప్ప నాకింది. నా వైపు చూసింది. ఇంకోసారి నాకింది. ఆ తర్వాత తల వెనక్కి వేసి ఎంత గట్టిగా నవ్విందంటే, గుండంతా గంటలాగా మోగింది. "సచ్చిపోతన్నాననుకుని నా చెమట నానే తాగీసినానే!"

మీటరు చూశాను. తోట దగ్గర 28.4. చూస్తూ ఉండగానే 28.3.

పెద్దమ్మ మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని ముడుచుకుని కూర్చుంది. పళ్ళు టకటకమంటున్నాయి.

"ఒలే అసిరీ," అంది నన్ను చూసి. "నాకు సలేస్తందే."

ఎంత గర్వంగా చెప్పిందో ఆ మాట!

నమోదు 99

పై నీరు 26.9.

మూడు రోజుల తర్వాత అలలు పడుకున్నాయి. తోట పైకి తేలింది. నూట ఇరవై తాళ్ళలో తొమ్మిది పోయాయి. ఆ తొమ్మిది కొసల్నీ పెద్దమ్మ ఒక్కొక్కటే తడిమి చూసింది. మిగతా వాటికి తెల్లబడ్డ కొసల కింద లేత గోధుమ రంగు చిగుళ్ళు, గోరంత. చుట్టూ నీళ్ళు పచ్చగా చిక్కబడుతున్నాయి. చేపలు అప్పుడే వచ్చేశాయి, వాటికి కబురెవరు చెప్పారో.

పశ్చిమాన పొగ కనిపించింది. దానయ్య మావ పడవ. దాని వెనక ఇంకో పడవ, వాటి వెనక మూడు వందల తెప్పలూ. ఊరు తీపి నీళ్ళు వదిలేసి వస్తోంది. అక్కడ కూడా గాలి గట్టిగానే వీచింది, నీళ్ళు మాత్రం అర డిగ్రీ కూడా తగ్గలేదట. ఇళ్ళ తోటలన్నీ తెల్లబడిపోయాయి. మనుషులందరూ క్షేమం. ఎడమ పక్క తన పని తను చేసింది. రాయాలి కదా, అదీ రాశాను.

మొదటి తెప్ప దగ్గరికి రాగానే పిల్లలు నీళ్ళలోకి దూకారు. దూకినవాళ్ళు దూకినట్టే కెవ్వుమని పైకొచ్చేశారు. "అమ్మో, కరుస్తంది!" అని ఒకటే గోల, ఆ గోలలోనే మళ్ళీ దూకడం. దానయ్య మావ అంచు మీద వంగి చెయ్యి ముంచాడు. చాలాసేపు ఉంచాడు.

"ఎంతుంది కోడలా?"

"ఇరవై ఆరు పాయింటు తొమ్మిది మావా."

"చిట్టాలో రాయి." చెయ్యి తీసి తుడుచుకుంటూ, "ఉత్త అంకె రాసి ఊరుకోకు, మొత్తం రాయి," అన్నాడు.

రేడియో మోగింది. శ్రీవత్స గారు. గొంతు బొంగురుపోయి ఉంది, నిద్రలేని మనిషి. తీరం వెంబడి పదకొండు తేలే ఊళ్ళ తోటలు పోయాయట, అందరూ తీపి పట్టీలోనే ఉండిపోయారట. "మీ దగ్గరికి సహాయ నౌక పంపిస్తున్నానమ్మా. మీరెక్కడున్నారు?"

"తుఫాను నడిచిన దారిలోనే సార్, కుడి పక్కన. నౌక పంపండి. ఖాళీగా పంపండి."

"ఖాళీగానా?"

"మనుషుల్ని ఎక్కించడానికి కాదు సార్. విత్తనం ఎక్కించడానికి. పదకొండు ఊళ్ళకీ సరిపోతుంది. కొంచెం కొంచెం ఇచ్చినా, పట్టీ దాటి ఇటు వచ్చి నాటుకుంటే నెల తిరిగేసరికి తాళ్ళు నిండుతాయి."

అవతల కలం వెతుక్కుంటున్న చప్పుడు. "రకం పేరు ఏమని రాసుకోమంటారు?"

నేను కొర్లమ్మ పెద్దమ్మ వైపు చూశాను. ఇరవై రెండేళ్ళు. ఆవిడ పేరు చెప్దామనుకుంటున్నాను, ఆవిడే మైకు లాక్కుంది.

"తెప్పలవలసదని రాయండి బాబూ," అంది. "రాసినారా? ఇంకో మాట కూడా రాయండి. సంచులు ఆళ్ళనే తెచ్చుకోమని. మాకాడ కోసే పనే బోల్డుంది."